రాష్ట్ర ప్రామాణిక ముంజేయి

పరాంకుశం గారికి యాభై ఆరో ఏట గిటారు వచ్చింది. కొందరికి ఆ వయసులో షుగరు వస్తుంది, కొందరికి వైరాగ్యం వస్తుంది. ఆయనకి ఇది వచ్చింది. తీగలు కలిపి నొక్కి వాయించే కార్డ్స్ మూడింటి దాకా నేర్చుకుని, నాలుగోది ఎంతకీ వేళ్ళకి లొంగకపోవడంతో లోపం ఆంప్లిఫయర్‌లో ఉందని తేల్చుకున్నారు. చాలా పెద్ద అధికారి కాబట్టి ఇంట్లో ఎవరూ కాదనలేదు.

ఇక ఆంప్లిఫయర్ల గురించి గిటారు వాయించేవాళ్ళు ఇంటర్నెట్లో రాసుకున్నదంతా చదివారు. ఫ్యాక్టరీలో వందల్లెక్కన తయారయ్యేవి పనికిరావట. పాతకాలం రేడియోల్లో లాగా గాజు వాల్వులు ఎర్రగా వెలగాలట. ఒకే మనిషి ఒక్కొక్క వైరూ తన చేత్తో అతికించి, ఏడాదికి ఏ పదో పన్నెండో చేస్తే, అప్పుడు దానికి టోన్ వస్తుంది, ఫీల్ వస్తుందట. ఒకాయన తన ఆంప్లిఫయర్ వేడన్నంలో వెన్నలా పలుకుతోందని రాశాడు. ఇంకొకాయన, వైరుకి చుట్టిన గుడ్డ నేత మారినప్పటినుంచీ తనది కాస్త దిగులుగా ఉంటోందని రాశాడు. ఎవరు ఏం రాసినా చివరికి ఒక్కమాట దగ్గర కలిశారు: నిజమైన టోన్ వింటే చేతిమీద వెంట్రుకలు లేచి నిలబడి తీరాలి.

పరాంకుశం గారు అలాంటిది ఒకటి సముద్రాలు దాటించి తెప్పించుకున్నారు. హాల్లో పెట్టి, ఆ మూడు కార్డ్సూ వాయించి, ఆశగా భార్య చేతివైపు చూశారు. ఆవిడ రెండు చేతులూ ఇటూ అటూ తిప్పి చూపించి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది. ఇంకొకరైతే గిటారుని అటక ఎక్కించేవారు. ఆయన జీవో తెప్పించారు.

ఆ విధంగా ‘వాల్వు ఆంప్లిఫయర్ల టోన్ మరియు ఫీల్ ధ్రువీకరణ మండలి’ పుట్టింది. చైర్మన్ ఆయనే. రాజధానిలో గదులు ఖాళీ లేకపోవడంతో దాన్ని కాకినాడలో ఒక పాత గోదాము భవనంలో పెట్టారు. మండలి ధ్రువపత్రం లేని వాల్వు ఆంప్లిఫయర్ పెళ్ళిలోగానీ, చర్చిలోగానీ, స్టేజీ మీదగానీ మోగితే స్వాధీనం చేసుకుంటారు. పరీక్షలో తప్పితే రోడ్డు రోలరు కింద వేస్తారు. రోలరు ముందే తెచ్చి ఆవరణలో నిలబెట్టారు కూడా. మిగతా ఫర్నిచరు ఆర్నెల్లకిగానీ రాలేదు.

మండలిలో తపాలా సెక్షను గుమాస్తా వాసంశెట్టి అబ్బులు. పద్నాలుగేళ్ళ సర్వీసులో ఏ కాగితం వచ్చినా నంబరు వేసే ముందు మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా చదవడం అతనికి అలవాటు. ప్రభుత్వ ఉత్తర్వులు చదివేవాళ్ళు చాలా తక్కువ. అందుకే రాసేవాళ్ళకి అంత ధైర్యం. ఈ అలవాటు వల్ల అబ్బులుకి ఇన్నేళ్ళలో కళ్ళజోడు తప్ప వేరే ప్రయోజనం కలగలేదు.

అతనికి సంగీతం రాదు. కానీ ఆదివారం సాయంత్రమైతే జగన్నాథపురంలో దానియేలు షెడ్డుకి వెళ్ళకుండా ఉండలేడు. దానియేలు అతనితో మున్సిపల్ స్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. రేడియో మెకానిక్కు, చర్చిలో గిటారు వాయిస్తాడు. మూతపడ్డ సినిమా హాల్లో పాత సౌండు సిస్టం వాల్వులు పీకి, విరిగిన టేకు బీరువా తలుపులు కోసి, నాలుగేళ్ళు కూర్చుని ఒక ఆంప్లిఫయర్ చేసుకున్నాడు. స్విచ్చి వేశాక రెండు నిమిషాలు దానికి వేడెక్కాలి. తర్వాత తీగ మెల్లగా మీటితే పక్కన కూర్చున్న మనిషి మాట్లాడినట్టుండేది. గట్టిగా మీటితే ఆ మనిషికే గొంతు జీరబోయినట్టుండేది. ఎక్కడ మాట ఆగి ఎక్కడ జీర మొదలవుతుందో దానియేలు వేలికి తప్ప ఎవరికీ తెలీదు. అబ్బులు స్టూలు మీద కూర్చుని వినేవాడు, అతని కుడి ముంజేతి మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడేవి. ఎందుకో అతనికి తెలీదు. వారమంతా ఆఫీసులో పడ్డ చాకిరీకి ఆ ఒక్క గంటే అతనికి జీతంలా ఉండేది.

అలాంటి ఆంప్లిఫయర్‌ని మండలి ఇన్‌స్పెక్టర్లు చర్చిలో, మూడో పాట మధ్యలో ప్లగ్గు పీకి పట్టుకుపోయారు.

దానియేలు మర్నాడే మండలికి వచ్చాడు. “ఒరే అబ్బులూ, అది లేకపోతే నా చేతులు రెండూ కట్టేసినట్టుందిరా. ఇంకోటి చేద్దామన్నా ఆ వాల్వులు ఇంకెక్కడా దొరకవు. ఎలాగైనా ఇప్పించరా.”

“నేనున్నాను కదరా. రూలు ప్రకారం పరీక్ష పెట్టిస్తాను. నీదాన్ని కాదనే మొనగాడెవడు?” అన్నాడు అబ్బులు. ఆ మాట అన్నందుకు తర్వాత చాలా రోజులు తనని తాను తిట్టుకున్నాడు.

పరీక్ష గదిలో చైర్మన్ గారి పక్కన నిపుణుల సంఘం కూర్చుంది. ముగ్గురు సభ్యులు, మూడు శాలువాలు. టెక్నీషియన్ దానియేలు ఆంప్లిఫయర్‌కి మీటర్లన్నీ తగిలించి చూశాడు. “సార్, ఓల్టేజీ బాగుందండి, వాటేజీ బాగుందండి. ఫీల్ చూపించడానికి మాత్రం ఏ మీటర్లోనూ ముల్లు లేదండి” అన్నాడు.

దానియేలు ఒక పాట వాయించాక మొదటి నిపుణుడు కళ్ళు మూసుకుని, “టోన్‌లో టేకు వినిపిస్తోంది, అయితే గుమ్మం తాలూకు టేకు కాదు” అన్నాడు. రెండో ఆయన తనకి టేకు వినపడలేదనీ, సోల్డరింగు పెట్టినవాడు ఎడమచేతివాటం మనిషని మాత్రం తెలుస్తోందనీ అన్నాడు. దానియేలు కుడిచేత్తో తల గోక్కున్నాడు. మూడో ఆయన ఇద్దరితోనూ ఏకీభవిస్తున్నట్టు మినిట్స్‌లో రాయమన్నాడు.

ఫైలు పట్టుకుని పక్కన నిలబడ్డ అబ్బులుకి ఇవేవీ పట్టలేదు. జాయింటు డైరెక్టరు భూషణం గారు ఫైలు కోసం చెయ్యి చాపి, అబ్బులు ముంజేతిని చూసి ఆగిపోయారు. వెంట్రుకలు పంట చేనులా లేచి ఉన్నాయి.

“సార్!” అని కేకేశారు భూషణం గారు. “పరికరం దొరికింది!”

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. అబ్బులే దానికి తపాలా నంబరు వేసుకున్నాడు. ‘మండలి గుమాస్తా శ్రీ వాసంశెట్టి అబ్బులు యొక్క కుడి ముంజేతిని రాష్ట్ర ప్రామాణిక ముంజేయిగా ప్రకటించడమైనది. సదరు ముంజేయి తక్షణమే మండలి అధీనములోనికి వచ్చును. ముంజేతికి పైనను, మణికట్టుకు దిగువను గల మిగిలిన ఉద్యోగి యథాప్రకారం తపాలా విధులు నిర్వర్తించుకొనవలెను.’

“మరి మా దానియేలు ఆంప్లిఫయర్ పాసైనట్టే కదండి?” అని అడిగాడు అబ్బులు.

పరాంకుశం గారు జాలిగా చూశారు. “ఎలా అవుతుందయ్యా? ఆనాటికి మీ చెయ్యి నోటిఫై కాలేదు. ఆ రోజు లేచినవి వట్టి ప్రైవేటు వెంట్రుకలు. పైగా దరఖాస్తుదారుకీ ముంజేయికీ పూర్వ పరిచయం ఉంది. నిష్పాక్షికత నిమిత్తం ఆరు మాసముల విరామం పాటించవలసి ఉంటుంది. అప్పటివరకు ఆ వస్తువు మా గోదాములో భద్రంగా ఉంటుంది. మీరు దాన్ని వినకూడదు.”

“పోనీ, వేరే ఏదైనా గిటారు...”

“అనుమతి లేని తీగ చప్పుడు ఏదీ వినకూడదు. పరికరం అరిగిపోతుంది.”

గణాంక శాఖ నుంచి ఇద్దరు వచ్చి, ముంజేతి మీద నాలుగంగుళాల చదరం చెరగని సిరాతో గీసి, భూతద్దం పెట్టుకుని వెంట్రుకలు లెక్కపెట్టారు. నాలుగు వందల పన్నెండు. మూడు వందలు దాటి లేస్తే మొదటి తరగతి, రెండు వందలు దాటితే రెండో తరగతి అని పట్టిక వేశారు. చేతికి పట్టుగుడ్డ తొడుగు కుట్టించి, దాని తాళం భూషణం గారి దగ్గర పెట్టారు. చన్నీళ్ళ స్నానం నిషేధించారు, చలి వల్ల దొంగ ఫీల్ వస్తుందని. క్రికెట్ నిషేధించారు. దయ్యాల సినిమాలు సరే సరి.

ఇంట్లో అతని భార్య నూకరత్నం ఇదంతా విని, ఆ పట్టు తొడుగుని వేలితో పొడిచి చూసింది.

“అయితే ఆ చెయ్యి గవర్నమెంటుదన్న మాట. మిగతాది నాదేనాండి, లేపోతే దానికీ కాయితం ఏవైనా వొస్తుందా?”

“ఆర్నెల్లేనే. దానియేలు పెట్టె బయటికి రావాలా వద్దా?”

“ఆయ్, రావాలి. ఆదివారం అక్కణ్ణించొచ్చేక మనిషి మనిషిలా ఉండేవోరు. ఇప్పుడు చూడండి, చెయ్యి పట్టుకుని సంతలో కొన్న గాజుబొమ్మలా మోస్తన్నారు!” అని ఆవిడ గొంతు పెంచేసరికి, తొడుగులోపల ఏదో కదిలినట్టయింది. తెల్లారి పరీక్షలో మూడు వెంట్రుకలు లేచే ఉన్నాయి, ఎందుకని అడిగితే అబ్బులు జరిగింది చెప్పేశాడు. భూషణం గారు నూకరత్నానికి మెమో పంపించారు. ‘మీ స్వరము వలన ప్రామాణిక పరికరమున అనధికార స్పందన కలిగినందున, మీకు టోన్ ఉన్నట్లు భావించి ఎందుకు స్వాధీనం చేసుకొనరాదో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను.’

నూకరత్నం సంజాయిషీ ఇవ్వడానికి స్వయంగా ఆఫీసుకి వస్తానంది. మెమో ఆ సాయంత్రమే ఉపసంహరించుకున్నారు.

మొదటి రెండు నెలలూ ముంజేయి పేరు రాష్ట్రమంతా మోగిపోయింది. ఆర్కెస్ట్రావాళ్ళు, కాలేజీ బ్యాండువాళ్ళు, చర్చివాళ్ళు ఆంప్లిఫయర్లు ఆటోల్లో వేసుకుని బారులు తీరారు. రోజుకి నలభై పరీక్షలు. ఒకాయన తన ఆంప్లిఫయర్‌కి గోధుమరంగు గుడ్డ తొడిగాక పదిహేను వెంట్రుకలు పెరిగాయని ప్రమాణం చేశాడు. ఇంకొకాయన వాల్వుల్ని నెయ్యి డబ్బాలో నిద్రపుచ్చి తెచ్చాడు. అబ్బులు కుర్చీలో కూర్చుని చెయ్యి బల్లమీద పెట్టేవాడు. ఇన్‌స్పెక్టర్లు భూతద్దాలతో చుట్టూ మూగి, “నూట డెబ్భై! నూట డెబ్భై ఒకటి! అది పడిపోయిందండి, మళ్ళీ నూట డెబ్భై!” అని అరుస్తుంటే, వాయించేవాడి పాట ఎటు పోయిందో ఎవరికీ పట్టేది కాదు.

అబ్బులుకి అసలే పట్టేది కాదు. పాట మొదలవగానే తన చేతికేసి చూసుకోవడం అతనికి అలవాటైపోయింది. లేస్తున్నాయా, లేవట్లేదా, ఎన్ని లేచాయి? వినడం ఎప్పుడో మానేశాడు. ఒక శుక్రవారం ఒక కుర్రాళ్ళ బ్యాండు అద్భుతంగా వాయించిందని అందరూ చప్పట్లు కొట్టారు. చేతిమీద ఒక్క వెంట్రుక కదల్లేదు. శనివారం నలభై పరీక్షలు, నలభై సున్నాలు. ఆ రాత్రి అబ్బులు అన్నం సహించక లేచిపోయాడు. ఉద్యోగం సంగతి అతను తలుచుకోలేదు. ఆర్నెల్లయ్యాక దానియేలు తీగ మీటినప్పుడు కూడా ఇలాగే చచ్చినట్టు పడి ఉంటే? పెట్టె రోలరు కిందికి పోతుంది, పంపించింది తన చెయ్యే అవుతుంది. అంతకంటే ఘోరం, తనకి ఇంక ఏ ఆదివారమూ ఉండదు. ఆ భయం ఎవరితోనూ చెప్పుకోలేకపోయాడు.

సోమవారం కూడా సున్నాలే వచ్చాయి. పరాంకుశం గారు తలుపులు వేయించి, తన సొంత ఆంప్లిఫయర్ తెప్పించి, మూడు కార్డ్సూ వాయించారు. సున్నా.

అత్యవసర సమావేశం పెట్టారు. “ముంజేయి పాడైంది సార్, వేరే చెయ్యి చూద్దాం” అన్నాడు టెక్నీషియన్.

“పాడైందా?” అన్నారు భూషణం గారు. “ప్రామాణికం పాడవడమేమిటయ్యా? మీటరు బద్దతో కొలిస్తే గుడ్డ తక్కువొచ్చింది అంటాం గానీ, బద్ద కురచైపోయింది అంటామా? చెయ్యి తప్పంటే ఇప్పటివరకూ ఇచ్చిన ధ్రువపత్రాలన్నీ తప్పని అర్థం. వాటిమీద నా సంతకం ఉంది.”

“నా సంతకమూ ఉంది” అన్నారు పరాంకుశం గారు. ఆ ఒక్కమాటతో చెయ్యి బాగున్నట్టు తేలిపోయింది.

అయితే రాష్ట్రంలో టోన్ అంతరించిందని ఒప్పుకోవాలి. అది ప్రభుత్వానికి అప్రతిష్ఠ. నాలుగు గంటలు మథనపడ్డాక మొదటి నిపుణుడు శాలువా సర్దుకుని దారి చూపించాడు. “వెంట్రుక లేవడమన్నది అలజడి. ఉత్తమమైన ఫీల్ మనిషిని శాంతింపజేస్తుంది. కనుక పడుకున్న వెంట్రుకే పరమ ప్రమాణం.”

బల్లలు చరిచారు. సవరణ ఉత్తర్వు తపాలా బల్లమీదికి వచ్చింది. అబ్బులు యథాప్రకారం ఆమూలాగ్రం చదివాడు. ‘ప్రామాణిక ముంజేయిపై గల వెంట్రుకలను నిశ్చలముగా ఉంచునదియే ఆంప్లిఫయరు. వెంట్రుకలను లేపు వస్తువేదియును ఆంప్లిఫయరు అను నిర్వచనము క్రిందికి రాదు.’ రెండుసార్లు చదివి, నంబరు వేసి, నకలు ఒకటి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మర్నాటినుంచీ అందరూ పాసే. ఫ్యూజు పోయిన ఆంప్లిఫయర్లు మొదటి తరగతిలో పాసయ్యాయి. ఒకాయన లోపల ఏమీ లేని చెక్కపెట్టె తెచ్చి మీట తిప్పాడు. నాలుగు వందల పన్నెండు వెంట్రుకలూ హాయిగా పడుకున్నాయి. నిపుణులు ఆ నిశ్శబ్దంలో ఉన్న వెచ్చదనానికి ముగ్ధులై ప్రత్యేక ప్రశంసాపత్రం ఇచ్చారు. నెల తిరిగేసరికి ఊళ్ళో పెళ్ళిళ్ళలో ఖాళీ పెట్టెల ఆర్కెస్ట్రాలు వచ్చాయి. పెళ్ళివారు మాత్రం, ఇన్నాళ్ళకి భోజనాల దగ్గర ఒకరి మాట ఒకరికి వినపడుతోందని సంతోషించారు.

ఆరు నెలలూ నిండాయి. గోదాము తాళం తీసి దానియేలు ఆంప్లిఫయర్ దుమ్ము దులిపి తెచ్చారు. రోలరు డ్రైవరు ఇంజను వేడి చేసుకుంటున్నాడు, ఎందుకైనా మంచిదని.

పరీక్ష గది గుమ్మంలో దానియేలు అబ్బులు చెవిలో అన్నాడు. “ఒరే, వెంట్రుకలు లేవకుండా చూస్కోరా. పాసైపోతే పట్టుకెళ్ళిపోతాను.”

“నా చేతిలో ఏవుందిరా” అన్నాడు అబ్బులు. లేవకపోతే పెట్టె బతుకుతుంది, తను చచ్చిపోయినట్టు. లేస్తే తను బతికున్నట్టు, పెట్టె ఏమవుతుందో జేబులో కాగితం మీద ఆధారపడి ఉంది. ఏది కోరుకోవాలో తెలియక కుర్చీలో కూర్చున్నాడు. భూషణం గారు తొడుగు తాళం తీశారు.

స్విచ్చి వేశారు. రెండు నిమిషాలు వాల్వులు ఎర్రబడటం చూస్తూ అందరూ కూర్చున్నారు. అబ్బులు కళ్ళు మూసుకుని, సెలవు నిబంధనలు వరసగా మననం చేసుకున్నాడు. ఆర్జిత సెలవు, అర్ధవేతన సెలవు, అసాధారణ సెలవు...

దానియేలు ఒక్క తీగ మీటాడు.

పక్కన ఎవరో వచ్చి కూర్చుని, ఏమోయ్ బాగున్నావా అని అడిగినట్టయింది. అబ్బులు సెలవు నిబంధనలు మర్చిపోయాడు. చెయ్యికేసి చూసుకోవడమూ మర్చిపోయాడు. దానియేలు రెండో తీగ కాస్త నొక్కి మీటేసరికి ఆ గొంతు జీరబోయింది. ఆర్నెల్లుగా గోదాములో పడి ఉన్నందుకు దానికి ఎంత కష్టమనిపించిందో అంతా చెప్పుకుంది. అబ్బులు కళ్ళవెంట నీళ్ళు జారి బల్లమీద పడ్డాయి.

“సార్” అన్నాడు ఇన్‌స్పెక్టరు భూతద్దం దించి. “నాలుగొందల పన్నెండు. ఇంకా లేవాలంటే కొత్తవి మొలవాలండి.”

పాట సాగుతోంది. పరాంకుశం గారు హఠాత్తుగా మడిచి ఉన్న చొక్కా చేతులు రెండూ మణికట్టు దాకా దించి, బొత్తాలు పెట్టేసుకున్నారు. భూషణం గారు చేతులు వెనక్కి కట్టుకున్నారు. నిపుణులు ముగ్గురూ శాలువాలు నిండా కప్పుకున్నారు. మే నెల, ఫ్యాను కూడా సరిగ్గా తిరగడం లేదు.

దానియేలు ఆపాక, పరాంకుశం గారు గొంతు సవరించుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించి, డిక్టేషను ఇచ్చారు. “సదరు వస్తువు... పరీక్షయందు... పూర్తిగా విఫలమైనందున, తిరస్కరించి రోలరు...”

“సార్, ఒక్క మనవండి” అని అబ్బులు లేచాడు. జేబులోంచి కాగితం తీసి బల్లమీద పరిచాడు. “విఫలమైన ఆంప్లిఫయర్ని రోలరు కింద వెయ్యాలని రూలండి. కానీ వెంట్రుకల్ని లేపేది ఆంప్లిఫయరే కాదని మన సవరణండి. ఆంప్లిఫయర్ కానిదాన్ని పట్టుకోడానికి గానీ, పరీక్ష పెట్టడానికి గానీ, తొక్కించడానికి గానీ మనకి అధికారం లేదండి.”

పరాంకుశం గారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారు. కింద ఉన్న సంతకాన్ని ఇంకొంచెం సేపు చదివారు. “అయితే ఇది ఏమిటి?” అన్నారు.

“ఏదో పెట్టండి బాబూ” అన్నాడు దానియేలు.

సాయంత్రానికి రెండు ఉత్తర్వులు వచ్చాయి. ‘ఈ వస్తువు ఆంప్లిఫయరు కాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది’ అన్నది మొదటిది. దానియేలు దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపల దాచుకున్నాడు. ఎక్కడైనా, ఎప్పుడైనా, ఎంత గట్టిగానైనా వాయించుకోవచ్చు. ఆ పెట్టె జోలికి వచ్చే చట్టం రాష్ట్రంలో ఇంక లేదు. రెండోది అబ్బులుకి. ‘అనధికారముగా స్పందించినందున సదరు ముంజేతిని ప్రామాణిక హోదానుండి తొలగించి, ఉద్యోగికి స్వాధీనపరచడమైనది. ముట్టినట్లు సంతకము చేయవలెను.’ అబ్బులు ఆ చేత్తోనే సంతకం చేశాడు.

ఈ కబురు ఎలా పొక్కిందో, మర్నాటికల్లా మండలి గేటు ముందు పెద్ద బారు తయారైంది. ధ్రువపత్రాలు వచ్చినవాళ్ళంతా వాటిని వెనక్కిచ్చేసి, తమవి ఆంప్లిఫయర్లు కావని రాసిమ్మని అడుగుతున్నారు.

శనివారం ఆఫీసు వేళ అయిపోయాక పరాంకుశం గారు తపాలా సెక్షనుకి స్వయంగా వచ్చారు. అంత పెద్ద అధికారి ఆ గదిలో కాలు పెట్టడం అదే మొదటిసారి. కాసేపు రబ్బరు స్టాంపులు చూశారు. చొక్కా చేతులకి బొత్తాలు ఇంకా పెట్టే ఉన్నాయి.

“అబ్బులు గారూ” అన్నారు. గారూ అనడం కూడా అదే మొదటిసారి. “ఆ వస్తువు... ఆంప్లిఫయరు కాదు గనుక, దాన్ని వినడం మండలి నిబంధనల పరిధిలోకి రాదు. అంటే, ఒక వ్యక్తి, ఆదివారం పూట, వ్యక్తిగత హోదాలో, వినదలిస్తే... అనుమతి అక్కర్లేదు కదా?”

అబ్బులు కాగితాలు పక్కన పెట్టి ఆయన మొహంలోకి చూశాడు. ఆర్నెల్ల కోపమంతా ఎక్కడికి పోయిందో అతనికే తెలియలేదు.

“అక్కర్లేదండి” అన్నాడు. “కాపోతే, పొట్టి చేతుల చొక్కా వేసుకు రండి.”